ఆనకట్ట కింది ఇసుక

మా భూగర్భ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు విజయనగరంలో మా ఇంటికి వస్తుంటారు. వచ్చినవాళ్లందరూ ముందు అడిగేది ఒకటే. “భూకంపం వస్తుందో రాదో ఎలా చెప్పేవారండీ? అప్పట్లో కంప్యూటర్లు కూడా లేవు కదా?”

చెప్పేవాళ్లం కాదు నాయనా, అంటాను. ఎవరూ చెప్పలేరు. వస్తే ఏమవుతుందన్నదే మనం చెప్పాలి. ఆ మాట చెప్పడానికి రాయినీ మట్టినీ చదవడం వస్తే చాలదు, చెప్పొద్దన్నవాడి ముందు నిలబడటం కూడా రావాలి. కాలేజీలో మొదటిదే నేర్పుతారు.

నేను ఉద్యోగమంతా ఆనకట్టల పునాదులు చూస్తూ గడిపాను. ఏ ఏడు ఏ హోదాకి వెళ్లానో రాసి మిమ్మల్ని విసిగించను. ఒక్క ఆనకట్ట గురించి రాస్తాను. అది పెద్దదేమీ కాదు, మ్యాపులో వెతికితే గాని కనిపించదు. దాని పేరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఊరి పేరూ వాగు పేరూ మార్చాను. మనుషులు మాత్రం ఉన్నవాళ్లు ఉన్నట్టే.

టైపు కొట్టి ఉంచిన మాట

అరవై ఏడు డిసెంబరులో పడమటి కనుమల్లో కోయనా ఆనకట్ట దగ్గర భూమి కంపించింది. జనం చనిపోయారు. దక్కను పీఠభూమి కదలదని మేమంతా పరీక్షల్లో రాసి పాసైనవాళ్లమే. ఆ కదలని భూమి కదిలేసరికి పైనుంచి కింది దాకా కంగారు పుట్టింది. కొత్తగా కట్టబోయే ప్రతి ఆనకట్టకూ భూకంప ప్రమాదం పరిశీలించి నివేదిక ఇవ్వాలన్నారు. అలా మరుసటి ఏడు నన్ను సాలూరు వైపు పంపారు. నాకింకా పెళ్లి కూడా కాలేదు. మా నాన్న రామతీర్థంలో గుడి సేవలో ఉండేవారు. నేను ఏం పనిమీద వెళ్తున్నానో విని, “రాళ్లు చూసి రావడానికి జీతమా!” అని ఆశ్చర్యపోయారు.

సాలూరు అప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. బొబ్బిలిలో రైలు మారి సాలూరులో దిగితే, ఎటు చూసినా లారీలూ, లారీల కింద పడుకుని నట్లు బిగించేవాళ్లూ. అక్కణ్ణుంచి జీపులో కొండల వైపు వెళ్తే జగ్గన్నవలస. కొండల్లోంచి దిగే వాగుని మా వైపు గెడ్డ అంటారు. ఆ ఊరి పక్కన పారేది కాకిగెడ్డ. దాని మీద మట్టి ఆనకట్ట కట్టి చుట్టుపక్కల వలసలకు, అంటే చిన్న పల్లెలకు, నీళ్లివ్వాలని పథకం. అంతకుముందు రెండేళ్లు వానల్లేక జనం అల్లాడిపోయారు. ఆ నీటి కోసం వాళ్లు ఎలా ఎదురుచూస్తున్నారో వెళ్లిన మొదటిరోజే అర్థమైంది. నన్ను చూసి ఒక ముసలాయన చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

ఆనకట్ట బాధ్యత ఎస్.ఈ. గారిది, అంటే సూపరింటెండింగ్ ఇంజనీరుది. ఆయన పేరు రాయను. ఆయన పిల్లలు నాకు తెలుసు, మంచివాళ్లు. బంగళాలో నన్ను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, టైపు కొట్టి సిద్ధంగా ఉంచిన కాగితం ఒకటి నా ముందుకు జరిపారు. ఈ ప్రాంతంలో భూకంప భయం లేదని ఒకే ఒక్క వాక్యం. కింద నా సంతకానికి చోటు.

“నేనింకా స్థలం చూడలేదు సార్,” అన్నాను.

“చూడండి, ఎవరొద్దన్నారు? సంతకం పెట్టేసి తీరిగ్గా చూడండి. కొండలు బాగుంటాయి ఈ సీజన్‌లో,” అన్నారు.

హాస్యానికన్నారేమో అనుకున్నాను. కాదు.

ఉట్టి ఊగిందా?

భూకంపాల చరిత్ర లేని చోట చరిత్రను మనమే పోగుచేయాలి. ఊరూరా తిరిగాను. అటు పార్వతీపురం, పాతపట్నం దాకా వెళ్లాను. “ఇక్కడ ఎప్పుడైనా భూకంపం వచ్చిందా?” అనడిగితే లేదనే అంటారు. భూకంపమంటే ఇళ్లు కూలడం, భూమి నోరు తెరవడం అని వాళ్ల ఉద్దేశం. అదీ కాక, ప్యాంటు వేసుకున్నవాడు వచ్చి ఏదడిగినా లేదనడమే క్షేమమని మన పల్లెలకు అనుభవం నేర్పింది. అందుకని మీరు భూకంపం మాటే ఎత్తకండి. ఉట్టి గురించి అడగండి. తలుపు గొలుసు గురించి అడగండి. నూతిలో నీళ్లు ఉన్నట్టుండి బురదైన రోజు గుర్తుందా అనడగండి.

జగ్గన్నవలసలో సూరప్పనాయుడని మోతుబరి కాని మోతుబరి ఉండేవాడు. పొలం కొంచెమే గాని మాటకి విలువ ఎక్కువ. ఆయన భార్య పైడమ్మ అరుగు మీద చేటలో చోళ్లు, అంటే రాగులు, చెరుగుతోంది.

“అమ్మా, ఇంట్లో ఉట్టి దానంతటదే ఊగడం ఎప్పుడైనా చూశారా?” అన్నాను.

చేట ఆపింది. “ఊగినాది బావూ. మా పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు. మజ్జిగ కుండ ఊగి ఊగి గోడకి తగిలి పగిలిపోనాది. మా అత్త నన్నే తిట్టినాది, నువ్వే తోసేసినావని.”

“మీరు తోయలేదు కదా?”

“నానెందుకు తోస్తాను? గుమ్మం కాడ కూకున్నాను. గడప కదిలినట్టయినాది. కడుపుతో ఉన్నాను గదా, కల్లు తిరిగినాయనుకున్నాను.” ఒక్క క్షణం ఆగి నా మొహంలోకి చూసింది. “అయితే అది భూమేనేటి? ఓలమ్మ! మా అత్త సచ్చిపోయిందాకా నన్నే అన్నాది!”

సూరప్పనాయుడు నవ్వాపుకోలేక తలపాగా మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

పాతపట్నంలో ఒక వర్తకుడు చెప్పిన మాట కూడా ఆవిడ చెప్పిన ఏడాదికే సరిపోయింది. కొట్లో బెల్లం అచ్చులు పేర్చిన వరస ఒరిగిందట. కొండల్లో రాళ్లు పేల్చిన చప్పుడుని భూకంపమనుకున్నవాళ్లూ ఉన్నారు, పెద్ద పిడుగుని అనుకున్నవాళ్లూ ఉన్నారు. వాటిని తీసేశాక కూడా కొన్ని మిగిలాయి. అంటే ఆ నేల ఎప్పుడో ఒకప్పుడు కదులుతుంది. గట్టిగా కాకపోవచ్చు, తరచుగా కాకపోవచ్చు. కాని “లేదు” అని రాయడానికి వీల్లేదు. “తక్కువ” అన్నదానికీ “లేదు” అన్నదానికీ మధ్య ఎంత దూరముందో, ఆనకట్ట కింద కాపురముండేవాణ్ణి అడిగితే చెబుతాడు.

చచ్చిన పగులు, బతికున్న ఇసుక

ఎడమవైపు కొండవాలులో కందకం తవ్వించాను. కొన్నాళ్లకి రాయి మధ్యలో నలిగి పిండైపోయిన పట్టీ ఒకటి బయటపడింది. వేలితో నొక్కితే గంధంలా అంటుకుంటోంది. ఒకప్పుడు భూమి అక్కడ విరిగి, రెండు ముక్కలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ జరిగాయన్నమాట.

ఓవర్సీరు సత్యం బొబ్బిలివాడు, సాధువు. అది చూసి బెంబేలెత్తిపోయాడు. “ఏటండీ ఇది, పగులే కదండీ? ఆనకట్ట కింద పగులుంటే ఎలగండీ?” అన్నాడు. సాయంత్రానికి ఆ కబురు బంగళాకి చేరింది. మర్నాడు పొద్దున్నే ఎస్.ఈ. గారి జీపు దిగింది. కందకంలోకి తొంగి కూడా చూడలేదు.

“పూడ్పించేయండి,” అన్నారు.

“సార్, ఇంకా చదవడం పూర్తి కాలేదు.”

“చదివేదేముంది? గొయ్యి ఉంటే మాటలు పుడతాయి. పూడ్చేస్తే మాటలుండవు.”

రోగి ఒంటి మీద కురుపు కనబడితే చొక్కా తొడిగేయమన్నట్టుంది. కూలీలు పారలు పట్టుకుని నా మొహం చూస్తున్నారు. నేను కందకంలోంచి పైకి రాలేదు. “నేను లోపలుండగా పూడ్చమనండి సార్,” అన్నాను. ఆయన జీపెక్కి వెళ్లిపోయారు.

ఆ పట్టీ వెంబడే కందకాన్ని పైకి పొడిగించాను. వాలు మీద ఎర్రమట్టీ గులకరాళ్లూ కలిసిన పాత పొర ఒకటి పరుచుకుని ఉంది. ఎప్పటిదో చాలా పాతది. పగులు కింది నుంచి వచ్చి ఆ పొర అడుగున ఆగిపోయింది. పొర ఎక్కడా తెగలేదు, వంగలేదు. ఆ గులక పొర పరుచుకున్నప్పటి నుంచీ పగులు కదలలేదన్నమాట. చచ్చిన పాము. దాన్ని శుభ్రం చేసి సిమెంటుతో నింపితే సరిపోతుంది.

ఈ సంగతి చెప్పగానే ఎస్.ఈ. గారు నన్ను కౌగిలించుకున్నంత పని చేశారు. “మీరు నిజమైన సైంటిస్టు!” అన్నారు. ఆ రోజు బంగళాలో కోడికూర.

కాని పగులు వెతికి, అది చచ్చిందని తేల్చగానే పని అయిపోయిందనుకునేవాడు సగం జియాలజిస్టు. కొత్తవాళ్లంతా పగుళ్ల వెంట పడతారు. చూడటానికి గొప్పగా ఉంటాయి, ఫోటోలకి బాగుంటాయి. మనుషుల్ని చంపేది చాలాసార్లు పగులు కాదు, ఎవరూ పట్టించుకోని మామూలు నేల.

లోయ మధ్యలో, సరిగ్గా ఆనకట్ట నడుము వచ్చే చోట బోరు వేయించాను. పైన వరి పండే బంక మన్ను. దాని కింద సన్నటి ఇసుక, నిండా నీళ్లు. ఎంత గట్టిగా ఉందో తెలియాలంటే కడ్డీ నిలబెట్టి పైనుంచి దిమ్మెతో కొట్టాలి. ఇక్కడ కొట్టే పనే లేకపోయింది. కడ్డీ తన బరువుకి తనే దిగిపోయింది. పక్కన ఇంకోటి వేయించాను, ఆ పక్కన ఇంకోటి. అన్ని చోట్లా అదే ఇసుక.

అంతకు కొన్నేళ్ల ముందు జపానులో భూకంపం వచ్చినప్పుడు మేడలు కూలకుండా, పగలకుండా, అలాగే పక్కకి ఒరిగి పడుకున్న ఫోటోలు ఒక పత్రికలో చూశాను. కింద నీళ్లు పట్టిన ఇసుక కుదుపుకి నీళ్లలా మారిపోయింది. మామూలప్పుడు ఇసుక రేణువులు ఒకదాని మీదొకటి ఆనుకుని బరువు మోస్తాయి. కుదిపితే ఆనిక తప్పుతుంది. ఆ క్షణంలో అది నేల కాదు, జావ. దాని మీద మట్టి ఆనకట్ట, వెనక నిండు జలాశయం, కింద జగ్గన్నవలస. పెద్ద భూకంపం కూడా అక్కర్లేదు. పైడమ్మగారి ఉట్టిని ఊపినదానికంటే కాస్త గట్టిది చాలు.

రాయి ఉన్న చోటు

దీనికి మందు కూడా కళ్లెదురుగానే ఉంది. గెడ్డ వెంట కొంచెం పైకి నడిస్తే రెండు కొండలు దగ్గరకొస్తాయి. అక్కడ గెడ్డ గట్టి కొండరాతి మీద పారుతోంది. ఇసుక లేదు. ఆనకట్టను అక్కడికి జరిపితే నీళ్లు కొంచెం తక్కువ నిలుస్తాయి, అంతే.

బంగళాలో సమావేశం పెట్టారు. నేను బాల్చీలో గెడ్డ ఇసుక పోసి, తడిపి, దాని మీద ఇటుక నిలబెట్టాను. ఇటుక చక్కగా నిలబడింది. కాలితో బాల్చీని తన్నాను. ఇటుక కళ్లముందే ఇసుకలోకి మునిగిపోయింది. ఇంజనీర్లు ముందుకు వంగి చూశారు. ఎస్.ఈ. గారు నవ్వారు.

“బాల్చీలో భూకంపం తెప్పించారండీ కుర్రాయన! మేజిక్ బాగుంది. ఇప్పుడు ఏమంటారు?”

“ఆనకట్ట పైకి జరపాలి సార్. రాయి ఉన్న చోట కట్టాలి.”

“రాయి ఉన్న చోటే కడుతున్నాం కదా!”

నాకు అర్థం కాలేదు. “ఇక్కడ రాయి ఎక్కడుంది సార్? అంతా ఇసుకే.”

“శంకుస్థాపన రాయండీ! మంత్రిగారు వేసిన రాయి. పేరు చెక్కించి, పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి వేశారు. అది ఎక్కడుంటే ఆనకట్ట అక్కడే. మీ ఇసుక కోసం మంత్రిగారి రాయిని పీకమంటారా?”

ఆ రాయి అక్కడికి ఎలా వచ్చిందో ఆ సాయంత్రం సత్యం చెప్పాడు. ముందు నిర్ణయించింది పైన ఉన్న కొండరాతి చోటేనట. మంత్రిగారు వచ్చిన రోజున ముందురోజు వానకి దారి బురదైంది. కారు ముందుకి వెళ్లలేదు. మంత్రిగారిని నడిపించడం బాగుండదని, కారు ఆగిన చోటే పందిరి వేసి, రాయి అక్కడే వేయించేశారు. ఆ తర్వాత డ్రాయింగులు ఆ రాయి చుట్టూ గీశారు.

నేను ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు నవ్వుతారు. నవ్వకండి. వేలమంది తల మీద నీళ్లు ఎక్కడ నిలబెట్టాలో ఒక కారు చక్రం నిర్ణయించింది. చదువుకున్న ఇంజనీర్లు, ఒక్కొక్కరూ నాకంటే తెలివైనవాళ్లు, దానికి లెక్కలు కట్టి సంతకాలు పెట్టారు.

ఎస్.ఈ. గారి మీద కంటే మా శాఖలో మా పెద్దాయన మీద నాకు ఎక్కువ కోపం. శిక్షణ తరగతుల్లో నాకు రాయి చదవడం నేర్పిందే ఆయన. ఇసుక సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు. నా నివేదిక చదివి, ఇసుక గురించి రాసిన భాగమంతా ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు.

“నిన్ను అడిగింది భూకంపం గురించి. ఇసుక గురించి నిన్నెవరడిగారు?” అన్నారు.

“భూకంపం వస్తే చంపేది ఇసుకేనని మీరే చెప్పారు కదండీ?”

“క్లాసులో చెప్పాను. ఇది క్లాసు కాదు.”

తెలియనివాడు చేసిన పనిని అజ్ఞానమని సరిపెట్టుకోవచ్చు. తెలిసి కొట్టేసినవాణ్ణి ఏమనాలి? నేను ఆ నివేదిక మీద సంతకం పెట్టనన్నాను. పెట్టకపోతే ఇంకొకరి చేత పెట్టిస్తానన్నారు. పెట్టించుకోండి అన్నాను.

“రాయికేటి కాల్లున్నాయా?”

తిరిగి జగ్గన్నవలస వెళ్లేసరికి ఊరు మారిపోయింది. కొన్నాళ్ల కిందట దణ్ణం పెట్టిన ముసలాయన మొహం తిప్పుకున్నాడు. కొండరాళ్ల ఆఫీసరు మొండికేసి ఆనకట్ట ఆపేశాడని బంగళా నుంచి మాట పుట్టించారు. సూరప్పనాయుడు గెడ్డ ఒడ్డునే నన్ను నిలేశాడు. వెనక ఊరు ఊరంతా ఉంది.

“నువ్వేనా మా నీల్లు ఆపినోడివి? మా ఇంట్లో కూకుని, మా సల్ల తాగి, మా ఇంటిదాని కాడ కతలన్నీ అడిగి, ఇదేనా నువ్వు సేసింది?”

“నీళ్లు ఆపమనలేదు నాయుడుగారూ. చోటు మార్చమన్నాను.”

“సోటు మారిస్తే మల్లీ ఎన్నేల్లు? మా సేలు సూసినావా? మొన్న పసువులకి గడ్డి లేక సగం అమ్మీసినాం. నీకేటి, జీతం వస్తాది!”

ఆయన కోపం న్యాయమైనది. బాల్చీ తెప్పించమన్నాను. అక్కడే గెడ్డ ఇసుక పోసి, నీళ్లు పోసి, ఇటుక నిలబెట్టాను. “తన్నండి,” అన్నాను.

సూరప్పనాయుడు అనుమానంగా చూసి కాలితో ఒక్క తోపు తోశాడు. ఇటుక మునిగిపోయింది.

“ఓలమ్మో! ములిగిపోనాది!” పైడమ్మ బాల్చీలోకి వంగింది. మళ్లీ చేయమంది. మళ్లీ చేశాను. మూడోసారి తనే ఇటుక నిలబెట్టి, తనే తోసింది. అప్పుడు తలెత్తి గెడ్డ వైపు చూసి, తర్వాత తమ ఇళ్ల వైపు చూసింది. “అయితే ఆ ఇటిక ఎనకాల నీల్లుంటే... ఆ నీల్లన్నీ మా మీదకేనేటి?”

అవునన్నాను.

“మరి ఆ పెద్ద బావుకి సెప్పలేదేటి నువ్వు?”

“చెప్పానమ్మా. ఇదే బాల్చీ చూపించాను.”

“మరేటన్నాడు?”

“మంత్రిగారి రాయి ఇక్కడ వేసేశారు, ఇక కదపడానికి లేదన్నారు.”

సూరప్పనాయుడు తలపాగా విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. “అడ్డం రాయే గదా?” అన్నాడు. “రాయికేటి కాల్లున్నాయా, అదే నడిసెల్లడానికి? మాకు ఎడ్లున్నాయి.”

అది ఊరికే అన్న మాట అనుకున్నాను.

మర్నాడు పట్టపగలు, డప్పు కొట్టుకుంటూ, ఊరంతా కలిసి ఆ రాయిని దిమ్మెతో సహా గునపాలతో పెళ్లగించారు. నాటుబండి మీదకి ఎక్కించి, గెడ్డ వెంట పైకి తోలుకెళ్లి, కొండరాతి పక్కన నిలబెట్టారు. పైడమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. సత్యం పరుగెత్తుకుంటూ వచ్చి నాకు చెప్పేసరికి కొబ్బరికాయ కూడా కొట్టేశారు. నేను వెళ్లి చూశాను. ఏ ఇంజనీరూ అంతకంటే మంచి చోటు ఎంచలేడు.

ఎస్.ఈ. గారు పోలీసు రిపోర్టిచ్చారు. ప్రభుత్వ ఆస్తి దొంగతనం. ఆ రోజులు ఎలాంటివో అప్పటివాళ్లకి తెలుసు. కొండల్లో సాయుధ పోరాటపు అలజడి, ఎక్కడ చూసినా పోలీసు క్యాంపులు. నలుగురు రైతులు ఒకచోట నిలబడితే అనుమానమే. సూరప్పనాయుణ్ణీ ఇంకొందర్నీ ఠాణాకి పట్టుకెళ్లారు. నేను వెళ్లి, స్థలం ఎంచింది నేను, కేసు పెడితే ముందు నా మీద పెట్టమన్నాను. అక్కడి ఆఫీసరు కుర్చీ చూపించి, టీ ఇప్పించి, “మీకెందుకండీ సార్ ఇవన్నీ,” అన్నాడు. నాకు టీ ఇచ్చిన గది గోడకి అవతల వాళ్లని కొడుతున్నారు. సూరప్పనాయుడి ఎడమ చెయ్యి ఆ తర్వాత ఎప్పుడూ భుజం దాటి పైకి లేవలేదు. ఆయన చేసిన నేరం ఆనకట్టని సరైన చోట కట్టమనడం.

నేను మా ప్రాంతపు ఎమ్మెల్యే దగ్గరకి పరుగెత్తాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని మంత్రిగారి దగ్గరకే తీసుకెళ్లారు. నేను సంగతంతా చెప్పాను. మంత్రిగారు విని, నొసలు చిట్లించి, “కాకిగెడ్డ అంటే... నేను రాయి వేసింది కొండ దగ్గర కాదూ?” అన్నారు.

“కాదండీ. కారు ఆగిన చోట.”

“నాకేం గుర్తుందయ్యా, నెలకెన్ని వేస్తాను! ఎక్కడ బాగుంటే అక్కడ కట్టుకోండి. రైతుల్ని ముందు వదలమనండి.”

అంతే. ఒక్క మాటతో తేలిపోయింది. ఎవరికి కోపం వస్తుందని ఇంతమంది భయపడ్డారో ఆయనకి అది గుర్తే లేదు. ఇన్ని నెలల్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆయన్ని అడగలేదు. అడగని ప్రశ్నకి రాని జవాబు తలుచుకుని వణికి, ఆ వణుకునంతా తెచ్చి ఒక రైతు భుజం మీద దించారు.

నీళ్లు అందనివాళ్లు

ఆనకట్ట పైనే, కొండరాతి మీద కట్టారు. నీళ్లు వచ్చాయి. జగ్గన్నవలస రెండు పంటలు పండించింది. కాని చోటు మారడంతో నిలిచే నీరు తగ్గి, కాలువ చివరి ఊరికి చేరలేదు. ఆ ఊరి రైతు ఒకతను సాలూరు బస్టాండులో నన్ను గుర్తుపట్టాడు. “నీ బాల్చీ సల్లగుండ,” అన్నాడు, “మా సేలు మాత్రం ఎండిపోనాయి.” ఎత్తు కొంచెం పెంచితే వాళ్లకీ అందుతుందని నేను రాశాను. గట్టి రాతి మీద పెంచడానికి అడ్డేమీ లేదు. ఎవరూ పట్టించుకోలేదు. జాగ్రత్తకి అయ్యే ఖర్చు ఎప్పుడూ కాలువ చివరివాడే ఎందుకు మోయాలి? మీరు చోటు మార్చమని రాసినప్పుడు, మార్చితే ఎవరికి నష్టమో, దాన్ని ఎలా పూడ్చాలో కూడా రాయండి. రాసి ఊరుకోకండి, వెంటపడండి.

పెళ్లి భోజనం

చాలా ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో ఎస్.ఈ. గారు కనిపించారు. ఇద్దరం రిటైరయ్యాం. పంక్తిలో నా పక్కనే కూర్చున్నారు. ముసలితనం ఆయనకి నప్పింది. నెమ్మదిగా, ప్రేమగా మాట్లాడారు. పప్పు వడ్డిస్తుండగా నా చెయ్యి తట్టి, “చూశారా, ఇన్నేళ్లయింది. మీ భూకంపం రాలేదు!” అని నవ్వారు.

మన వృత్తికి దక్కే మర్యాద ఇదే, ముందే తెలుసుకోండి. మీరు చెప్పిన మాట విన్నందువల్ల ఏమీ జరగకపోతే, ఏమీ జరగలేదు కదా అని మీ మొహం మీదే నవ్వుతారు. వంతెన నిలిచిందని వంతెన కట్టినవాణ్ణి ఎవరూ ఎగతాళి చేయరు.

రాకపోవడమే మంచిది సార్, అన్నాను. గొడవెందుకని మాట మార్చి, ఎక్కడుంటున్నారని అడిగాను.

“విశాఖలో ఇల్లు కట్టుకున్నానండీ,” అన్నారు ఉత్సాహంగా. “ముందొక స్థలం చూశాం, సముద్రం వైపు, చవగ్గానే వచ్చేది. తవ్వి చూస్తే అంతా ఇసుక. వద్దని కొండవాలు మీద తీసుకున్నాం. బండ తగిలేదాకా పునాది తవ్వించాను. మేస్త్రీ చాలంటున్నా వినలేదు. మనవలు తిరిగే ఇల్లు కదండీ. ఇసుక మీద ఎవరైనా కడతారా?”

ఆ మాట అంటూ ఆయన నా మొహంలోకి చూశారు. ఏ సంకోచమూ లేదు. ఆయనకి ఏదీ గుర్తు రాలేదు. అప్పడం విరిచి పప్పులో నంజుకున్నారు.

వడ్డించేవాడు బూరెలు తెచ్చాడు. నేను వద్దని విస్తరి మడిచి, పంక్తి మధ్యలోనే లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాను. అలా లేవడం తప్పని నాకు తెలుసు. మా నాన్న ఉంటే ఊరుకునేవారు కాదు.